పెరటి చెరువు ఫిల్టర్‌లో ఇసక వెయ్యకండి

సంపాదకులు గారికి నమస్కారం,

మాది మధురవాడ. పెరట్లో 8 బై 10 అడుగుల చిన్న చెరువు తవ్వించాం, కలువలు, నాలుగు కోయి చేపలు, పక్కనే నీళ్లు శుభ్రమవ్వడానికి 3 బై 5 అడుగుల మొక్కల తొట్టి, దాన్నే బాగ్ ఫిల్టర్ అంటారు. ఇప్పుడు మా వీధిలో ఇంకో ఇద్దరు కట్టిస్తున్నారు, నేను చేసిన తప్పే చేస్తున్నారు, అందుకే రాస్తున్నాను.

చిన్నప్పుడు ఇంట్లో మంచినీళ్లకి కుండల ఫిల్టర్ ఉండేది కదండీ, కంకర, బొగ్గు, ఇసక పొరలు పొరలుగా, నేనూ అదే లెక్కలో తొట్టి నింపేశాను. మూడు నెలలు నీళ్లు అద్దంలా ఉన్నాయి. తర్వాత మోటారు ఆడుతున్నా ఒక మూల నుంచే బుడబుడా పొంగేవి, మిగతా తొట్టంతా కదలదు. చెయ్యి పెట్టి తవ్వితే ఇసక కింద నల్ల బురద, కుళ్లిన కోడిగుడ్డు కంపు, వేర్లు పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చేశాయి. రెండు చేపలు చచ్చిపోయాయి, ఆ రోజు మా పాప అన్నం తినలేదు.

మంచినీళ్ల ఫిల్టర్ మట్టిని ఆపాలి, దీని పని వేరండి. చేపల వల్ల నీళ్లలో అమోనియా చేరుతుంది, రాళ్లకి జిగురులా పట్టే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది, నైట్రేట్‌ని మొక్కలు లాక్కుంటాయి. ఆ బాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి, అంటే రాళ్ల సందుల్లోంచి నీళ్లు ఆగకుండా పారాలి, ఇసక ఆ సందులే పూడ్చేస్తుంది.

ఇప్పుడు అడుగున మోటారు నీళ్లు వచ్చే కన్నాల పీవీసీ పైపు, దాని మీద ఒక అడుగు మందాన 10 ఎంఎం గుండ్రటి గులకరాళ్లు, అంతే. క్రషర్ బేబీ చిప్స్, అంటే సన్న కంకర కూడా పనికొస్తాయి గానీ గుండ మొత్తం పోయేదాకా కడగాలి, అంచులు పదును కాబట్టి తొట్టిలో నీళ్లు కారకుండా వేసే షీటు మీద ఏదైనా మందంగా పరచాలి. లావా రాళ్లు నాకు నచ్చలేదు, ఆ చిల్లుల్లో బురద దూరితే కడగలేం.

గోస్తనీ గులకరాళ్లు దొరికితే ముందు ఒక రాయి మీద వెనిగర్ చుక్క వెయ్యండి, ఆ ఏరు బొర్రా సున్నపురాయి గుహల్లోంచి వస్తుంది మరి. నురగొస్తే వద్దు, సున్నం కరిగి నీళ్ల పీహెచ్, అంటే క్షారగుణం పెరుగుతుంది, పీహెచ్ పెరిగితే అమోనియా చేపలకి ఇంకా విషం. భీమిలి బీచ్ గవ్వలూ అంతే, పైగా ఉప్పు.

మెట్టతామర, చేమ, వట్టివేరు, వేర్లకున్న మట్టంతా కడిగేసి రాళ్లలోనే నాటాలి. బాక్టీరియా పట్టడానికి నెల, నెలన్నర పడుతుంది, అప్పటిదాకా చేపలకి మేత తగ్గించండి.

పక్కింటి వాళ్లకి ఇదంతా చెప్పాను, ఇసక లేకుండా ఫిల్టరేంటి అన్నారు. పేపర్లో వస్తే నమ్ముతారండి, వాళ్ల ఇసక లోడు దిగేలోపు దయచేసి వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
మధురవాడ, విశాఖపట్నం