చల్లగుంటే లేస్తాది, వేడెక్కితే లేవదు

ఒరే వాసూ,

ముందు తిట్టొద్దు. నీ మెసేజ్ వచ్చి నెల దాటింది, జవాబు రాయలేకపోయినా. ఈరోజు రాద్దాం అనుకోవడం, షెడ్డు మూసేసరికి పదకొండు కావడం. ఇంట్లో అందరూ బాగుండారు, అమ్మ మోకాలి నొప్పి పర్లేదు, చెల్లెలికి సంబంధాలు చూస్తా ఉండాం, వైకుంఠ ఏకాదశి జనంతో రేణిగుంట రోడ్డులో బండి తియ్యలేకపోయినాం. అంతే. ఇంగ అసలు సంగతికొస్తా, ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

తడ పక్క బీవీపాళెం మామ తెలుసు గదా, ఆయన పాత ఫైబర్ బోటు. వెనకాల అరవై హార్స్‌పవర్ మోటారు, వంద కిలోలకి పైనే ఉంటాది. పులికాట్ చూస్తే చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సే గానీ చానా చోట్ల మోకాలి లోతు. లోతు తగ్గినప్పుడు మోటారు పైకి ఎత్తకపోతే ఫ్యాన్ రెక్కలు బురదలో దిగబడతాయి. ఆ ఎత్తేదే ట్రిమ్ పంపు. మామది సగం దాకా లేచి ఆగిపోతా ఉంది. మనిషి నీళ్ళలో దిగి భుజంతో ఎత్తుకుంటా ఉండాడు రా, ఈ వయసులో. వినంగానే కడుపు తరుక్కుపోయింది, ఆదివారం పొద్దన్నే కాళహస్తి మీదుగా పోయినా.

బోటు పని నాకు కొత్త. కానీ విప్పి చూస్తే మన ట్రాక్టరు లిఫ్టుకి తమ్ముడే. బ్యాటరీ మోటారు, దాని కింద రెండు గేర్ల పంపు, ఆయిల్ డబ్బా, సిలిండర్లు. నీలం వైరుకి కరెంటొస్తే పైకి, పచ్చ వైరుకొస్తే కిందికి. ఎవరో మెకానిక్ మోటారు కాలిపోయింది, మొత్తం సెట్టు మార్చాల అని చెప్పి పోయినాడంట. మీటరు పెట్టినా. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, స్విచ్ నొక్కి పట్టుకుంటే ట్రిమ్ మోటారు దగ్గర 9.4. నడమ ఎర్తు వైరు లగ్గు ఉప్పుగాలికి చిలుము పట్టి పచ్చగా ఐపోయింది. గీకి, కొత్త లగ్గు వేస్తే 11.8 వచ్చింది, మోటారు గుయ్యిమని తిరిగింది. మామ ముఖం చూడాల నువ్వు! ఐనా మళ్ళా సగంలోనే ఆగింది.

చేత్తో ఎత్తి, లాక్ వేసి, కింద కొయ్య దుంగ కూడా పెట్టి (లాక్ ఒక్కదాన్ని నమ్మి దాని కింద తల పెట్టకూడదు) ఆయిల్ మూత తీసినా. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు పాలెక్కువైన టీ మాదిరి ఉండాది. నీళ్ళు కలిసినాయి. అంతా వంచేసి, ఆ మోడలుకి చెప్పిన ఆయిలే, అదే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరు బండ్లలో పోసే ఎర్ర ఆయిలు), మోటారు పూర్తిగా పైకున్నప్పుడే బొక్క దాకా పోసి, ఐదుసార్లు పైకీ కిందికీ ఆడించి గాలి తీసినా. అయ్యా, నిండుగా లేచింది! అత్త మడవ చేపల పులుసు పెట్టింది, తిని వచ్చి ఇంకో నాలుగుసార్లు ఆడించినా. ఐదోసారి సగంలో నిలబడింది.

అక్కడ కూలబడిపోయినా రా. సీలా, వాల్వా, పంపా? అప్పుడు ఒక పని చేసినా. సగంలో ఆగిన కాడ రాడ్డు మీద సుద్దముక్కతో గీత గీసి, గంటసేపు గట్టున కూర్చున్నా. దూరంగా రాజహంసలు తలలు నీళ్ళలో పెట్టి మేస్తా ఉన్నాయి... సరే అది ఇంకోసారి. గంట తర్వాత చూస్తే గీత ఒక్క నూలు కూడా జరగలా. అంటే సిలిండరు సీళ్ళు పట్టుకుంటా ఉండాయి, వాల్వులు పట్టుకుంటా ఉండాయి, చేత్తో ఎత్తేదానికి వదులు చేసే విడుదల స్క్రూ గట్టిగానే ఉంది. నేను కింద నుంచి కాస్త చెయ్యి ఆనిస్తే మాత్రం లేస్తాది. రాత్రి అక్కడే పడుకుని తెల్లారి చలిలో స్విచ్ నొక్కితే మళ్ళా నిండుగా లేచింది!

పాకాల ట్రాక్టరు! పొద్దున నాగలి ఎత్తి, మధ్యాన్నం ఎత్తనిది! అదే రా, అచ్చం అదే. నేను గట్టిగా అరిచినా, మామ బిత్తరపోయినాడు, నువ్వుంటే నవ్వి చచ్చేవాడివి. చల్లటి ఆయిలు చిక్కగా ఉండి అరిగిన గేర్ల సందులో నుంచి జారలేదు, వేడెక్కి పల్చనైతే ఒత్తిడి నిలవకుండా అంతా వెనక్కే కారిపోతా ఉంది.

పంపు తిరుపతికి తెచ్చి మన బల్ల మీద విప్పినా. ఒత్తిడి ఎక్కువైతే వదిలే రిలీఫ్ వాల్వు స్ప్రింగు బాగానే ఉంది. గేర్లు ఆనే ప్లేటు మాత్రం వెలుతురులో తిప్పితే చంద్రవంకల్లాగా గీతలు, గోరు పెట్టి గీస్తే గోరు ఆగిపోయింది. నీళ్ళు కలిసిన ఆయిలుతో ఎన్నేళ్ళు తిరిగిందో పాపం. నీళ్ళు యాడ నుంచి వచ్చినాయంటే, రాడ్డు మీద గుల్లలు అతుక్కుని పైన వైపర్ సీలు (రాడ్డు మీద నీళ్ళూ మురికీ లోపలికి పోకుండా తుడిచే రబ్బరు) పెదవి చీరేసినాయి. లోపలి సీలు ఆయిలుని పట్టుకునింది గానీ, పైదాన్ని ఎవురూ చూడలా. అది మార్చకుండా కొత్త పంపు వేసుంటే ఏడాదికి మళ్ళా ఇదే కథ.

చెన్నై నుంచి పంపు ఒక్కటే తెప్పించినాం, సెట్టు అక్కర్లా. నిన్న బిగించి ఎండలో వరసగా పన్నెండుసార్లు ఎత్తించినా, ఒక్కసారీ ఆగలా. మామ ఏం మాట్లాడలా, వచ్చి నా భుజం మీద చెయ్యేసి ఊరికే నిలబడినాడు. నాకు మా నాయన... వద్దులే, అది ఫోన్లో చెప్తా.

రాత్రి మళ్ళా సుద్దగీత గీసి వచ్చినా, పొద్దున చూసి చెప్పు మామా అని. ఇదో, ఫోను మోగతా ఉంది, ఆయనే. ఉంటా రా