కార్చిచ్చుకు మా షెడ్డు అంటుకున్న సాయంత్రం ఉరికొచ్చిన అందరికీ

ఇది రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఫోన్ చేసిన వాళ్లలో సగం మందితో సరిగ్గా మాట్లాడలేదు, కొందరి ఫోన్లు అసలు ఎత్తనే లేదు. ఏమీ అనుకోకండి. ముందుగా అందరికీ దండం. ఆ సాయంత్రం పొగలో నేను చూసిన ముఖాలు కొన్నే. మిగతా వాళ్లు ఏం చేశారో తర్వాత ఒక్కొక్కరు చెబుతుంటే తెలిసింది. మర్చిపోకముందే రాసిపెడుతున్నాను.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మాది నల్లమలలో, అమ్రాబాద్ మండలంలో గుట్ట కింద ఊరు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మూడు పాత బండ్లుండేవి. 1969 అంబాసిడర్ మార్క్ టూ మా నాయనది. 1982 ప్రీమియర్ పద్మిని నేను మోజుపడి కొన్నది. మూడోది మహీంద్రా జీపు. ఏప్రిల్‌లో గుట్ట మీద అంటుకున్న కార్చిచ్చు సాయంత్రం గాలికి ఇటు దిగింది. ఎవరు అంటించారనే పంచాయితీ నాకు వద్దు. ఎండాకాలం నల్లమలలో ఒక్క బీడీ ముక్క చాలు. నా తప్పు మాత్రం చెప్పుకోవాలి. షెడ్డు వెనక గడ్డి నడుమెత్తు పెరిగి ఎండిపోయి ఉంది. శివరాత్రి లోపు కోయిస్తానని ఇంట్లో మాటిచ్చి కోయించలేదు. షెడ్డు మూలకు వాడిన ఇంజనాయిల్ డబ్బాలు, ఒక క్యానులో పెట్రోలు కూడా పెట్టుకున్నాను. అన్నీ నేనే సిద్ధం చేసిపెట్టి అడవిని ఏమనాలి?

అందరికంటే ముందు వచ్చింది ఫైర్ వాచర్లుగా, అంటే అడవిలో మంటలకు కాపలాగా పనిచేసే చెంచు అన్నలు నలుగురు. ఇద్దరి వీపుల మీద బ్లోయర్లు, ఇద్దరి చేతుల్లో పచ్చి కొమ్మలు. వస్తూనే ఇంటికీ షెడ్డుకూ మధ్య ఉన్న గడ్డికి మేమే నిప్పు పెడతామన్నారు. నాకు మతిపోయింది. ఉన్న మంట చాలదా, ఇంకోటి పెడతారా అని గట్టిగా అరిచాను, రెండు రానిమాటలు కూడా అన్నాను. వాళ్లలో పెద్దాయన నా వైపు చూడనైనా లేదు. బ్లోయరుతో ఆకులు ఊదించి సన్నటి దారి చేయించి, దాని అవతలి అంచున అగ్గి అంటించాడు. పెద్ద మంట దగ్గరికి వచ్చేకొద్దీ గాలిని తన వైపు లాక్కుంటుందట. చిన్న మంట ఆ గాలికి ఇంటి వైపు రాకుండా ఎదురుగా పాకింది. రెండూ కలిసిన చోట పెద్ద చప్పుడయింది, ఆ తర్వాత తినడానికి గడ్డి లేక పడిపోయాయి. ఇల్లు అలా మిగిలింది. అన్నా, ఆ పూట నేనన్న మాటలకు క్షమించాలి.

షెడ్డు మాత్రం అప్పటికే అంటుకుంది. తీగలు తెగి ఎవరికైనా తగులుతాయని లైన్‌మన్ తమ్ముడు కరెంటు తీసేశాడు. సరైన పనే చేశాడు. కానీ దాంతో బోరు ఆగింది. ఘాట్ ఎక్కి ఫైరింజను వచ్చేదాకా నీళ్లెక్కడివి? అప్పుడు ఊళ్లో పత్తికి మందు కొట్టే పంపులన్నీ బయటికొచ్చాయి. తైవాన్ పంపులు, చేతి పంపులు, వీపున పదహారేసి లీటర్ల నీళ్లు. తొట్లలో నింపుకోవడం, ఉరకడం, కొట్టడం, మళ్లీ రావడం. ఆడవాళ్లు బిందెలతో వరుస కట్టారు. ఆ వరుసలో డెబ్బై దాటిన మా పక్కింటి అవ్వ కూడా ఉందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాకందరికీ జొన్న గట్క పెట్టి, తిననని నేను మొండికేస్తే తిట్టి తినిపించింది కూడా ఆమే.

జీపు వాకిలి దగ్గరే ఉంది కాబట్టి ఆరుగురు కలిసి తోసేశారు. దానికి ఇప్పటికీ పురుగుల మందు వాసన వస్తోంది. పద్మిని దగ్గరికి డిగ్రీ చదివే పిల్లగాడు ఒకడు ఉరికాడు. గేరులో పెట్టి ఆపిన బండి, న్యూట్రల్ చేస్తే తప్ప కదలదు. వాడు సీట్ల మధ్య చెయ్యి పెట్టి గేరు కోసం తడుముతున్నాడు. పద్మినికి గేరు స్టీరింగు పక్కన ఉంటుందని వాడికి ఎలా తెలుస్తుంది? “కాకా, గేరు లేదు!” అని వాడు అరిచిన అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. నేను దూరం నుంచి చెబుతుండగానే రేకు ఒకటి ఊడి బానెట్ మీద పడింది. బయటికి రమ్మని కేకేశాను. వచ్చాడు. బిడ్డా, నువ్వు రావడమే నాకు కావాల్సింది. కారు పోయిందని నువ్వు మా ఇంటి ముందు నుంచి తల దించుకుని పోవడం మానెయ్.

ఇక అంబాసిడర్. టైర్లు పాడవకూడదని దాన్ని ఇటుకల మీద ఎత్తి, చక్రాలు విప్పి పెట్టాను. అంత జాగ్రత్త చేశాను కాబట్టే దాన్ని ఎవరూ తోయలేకపోయారు.

ఈగలపెంట నుంచి ఒక మిత్రుడు రాత్రి తొమ్మిదికి అడవి రోడ్డు గేటు వేసేలోపు దాటాలని బండిని పరుగెత్తించుకుంటూ వచ్చాడు. మళ్లీ పొద్దున ఆరు దాకా రోడ్డు తెరవరు కదా, రాత్రంతా మాతోనే కూర్చుని బూడిదలో రాజుకుంటున్న చోట్ల మట్టి పోస్తూ ఉన్నాడు. ఫైరింజను సిబ్బంది కూడా మంట ఆరగానే పోలేదు. ప్రతి దూలం తిప్పి తిప్పి తడిపారు.

పొద్దున చూస్తే అంబాసిడర్‌కు కార్బొరేటర్ లేదు. అది జింకు పోత, నాలుగు వందల డిగ్రీలకే కరుగుతుంది. కరిగి ఇంజను బ్లాకు పక్క నుంచి కారి, కింద మట్టిలో వెండి అట్టులా గడ్డకట్టింది. దాని మీద ఒక స్క్రూ తల మాత్రం అలాగే ఉంది. కమాన్ పట్టీలు బిగువు పోయి చదునుగా పడున్నాయి. ఇనప బ్లాకు ఒక్కటే నిలబడింది.

హైదరాబాదు నుంచి పాత కార్ల మిత్రులు ఆదివారం వచ్చి, ఇంకో అంబాసిడర్ బాడీ ఇప్పిస్తాం, పనివాళ్లను పంపిస్తాం, మళ్లీ నిలబెడదాం అన్నారు. మీ మనసుకు దండం. కానీ వేరే బండికి మా నాయన బండి నంబరు తగిలించి ఇదే అది అనుకోవడం నావల్ల కాదు, చట్టమూ ఒప్పుకోదు. బండి పనికిరాకుండా పోతే పద్నాలుగు రోజుల్లో ఆర్‌టీఏకు చెప్పాలని గుర్తుచేసి, కాగితాలు తానే రాసిపెట్టిన మేనల్లుడికి కూడా థాంక్స్. ఇన్సూరెన్స్ సంగతి అందరూ అడుగుతున్నారు. నాది థర్డ్ పార్టీ మాత్రమే, అంటే నా బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికే. అగ్గికి రూపాయి రాదు. పాత బండ్లున్న వాళ్లు ఈ రోజే పాలసీ తీసి చూసుకోండి.

నా ఫోనుకు డబ్బులు పంపిన వాళ్లకు: మొత్తం 38,500 వచ్చింది, అంతా వెనక్కి పంపుతున్నాను. కోపం వద్దు. మూడు చెల్లింపులకు పేర్లు కనిపించడం లేదు, మీరెవరో చెప్పండి. నా దగ్గర వేరే 20,000 ఉంది. యాభై ఏళ్లు దాటిన బండ్లకు ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ నంబరు ఇస్తారు కదా, అంబాసిడర్‌కు ఆ ఫీజు కట్టాలని దాచింది. అందులోంచి ఫైర్ వాచర్ అన్నలకు బూట్లు కొన్నాను. ఆ రాత్రి వాళ్ల చెప్పులు అడుగులు కరిగిపోయాయి. సైజు అడిగితే వాళ్లకూ తెలియదన్నారు. కాగితం మీద పాదాలు గీసుకుని అచ్చంపేట పోయాను.

ఒకటి మాత్రం అడుగుతాను. నాయన 1974 నుంచి ఆ బండిని కిరాయికి తిప్పాడు. శ్రీశైలం, సలేశ్వరం జాతరప్పుడు ఫరహాబాద్ దాకా, లెక్కలేనన్ని పెళ్లిళ్లు. మీ ఇంటి ఆల్బమ్‌లో ఆ తెల్ల అంబాసిడర్ కనిపిస్తే ఫొటో పంపండి. ఇప్పటికి పదకొండు వచ్చాయి. కల్వకుర్తి నుంచి ఒక అక్క పంపినదాంట్లో పెళ్లికూతురు వెనక సీట్లో ఏడుస్తోంది, ముందు కిటికీలో ఒక మోచెయ్యి కనిపిస్తోంది. చొక్కా చెయ్యి మడత చూసి మా అమ్మ వెంటనే గుర్తుపట్టింది.

మరో మాట. మూడు పంపులు ఇంకా మా వాకిట్లోనే ఉన్నాయి. రెండు పచ్చవి, ఒకటి నీలం. నీలం దాని మూత దొరకలేదు, కొత్తది తెప్పించాను. ఎవరివో వచ్చి తీసుకుపోండి, వానాకాలం పనులు మొదలవుతున్నాయి.