తూకానికి వెళ్లబోయిన అర్థశాస్త్రం

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో ఒక పని మీద పొరుగు పట్టణానికి వెళ్లాను. తిరుగు బస్సుకు గంటన్నర వ్యవధి ఉండటంతో అక్కడి శాఖా గ్రంథాలయానికి చేరాను. వరండాలో తొమ్మిది గోనె సంచులున్నాయి. ఏమిటని అడిగితే, తొలగించిన పుస్తకాలు, రేపు తూకానికి వెళ్తాయి అన్నారు. ముప్పై ఏళ్లు సంస్కృతం చెప్పినవాణ్ని, సంచి మూతి విప్పకుండా ఉండలేకపోయాను. పైనుంచి నాలుగోదో ఐదోదో, అట్ట ఊడిన లావుపాటి పుస్తకం. ముఖపత్రాన్ని సగం చెదలు తినేసింది. మిగిలిన సగంలో మైసూరు అనీ, 1909 అనీ కనిపిస్తున్నాయి. అది కౌటిల్యుడి అర్థశాస్త్రం, మొదటి ముద్రణ.

1909కి ముందు ఈ గ్రంథాన్ని అచ్చులో చూసినవారు లేరు. పేరు మాత్రం పండితులకు తెలుసు. పాతకాలపు సంస్కృత కవులు దండి, బాణుడు ప్రస్తావించారు. మన కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు రాసిన వ్యాఖ్యల్లో కౌటిల్యుడి మాటలను ఉదాహరించాడు. మూలం మాత్రం పోయిందనే అందరూ అనుకున్నారు. 1905లో తంజావూరు ప్రాంతపు పండితుడొకరు తమిళనాట సంస్కృతం రాయడానికి వాడే ‘గ్రంథ’ లిపిలో ఉన్న తాళపత్ర ప్రతిని, భట్టస్వామి వ్యాఖ్యలో మిగిలిన కొంత భాగంతో సహా, మైసూరులోని ప్రభుత్వ ప్రాచ్య గ్రంథాలయానికి అప్పగించారు. అప్పుడు అక్కడి గ్రంథపాలకుడు రుద్రపట్నం శామశాస్త్రి. ఆయన కట్ట విప్పి చదివారు, అదేమిటో ఆనవాలు పట్టారు, నాలుగేళ్లు కుస్తీపట్టి అచ్చు వేయించారు. 1915లో ఆయన ఆంగ్లానువాదమూ పుస్తకంగా వచ్చింది. భారతీయులకు వేదాంతమే తప్ప రాజ్యపాలన గురించిన ఆలోచన లేదని తీర్పు చెప్పేసిన పాశ్చాత్యులు ఆ తీర్పును మళ్లీ రాసుకోవలసి వచ్చింది. ఆ కట్టను ‘పాత ఆకులు’ అని అటకెక్కించే మనిషి ఆ కుర్చీలో ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇంటర్నెట్‌లో దొరుకుతుంది కదా మాస్టారూ, అని ఆ గ్రంథాలయంలోనే ఒక యువకుడు నాతో అన్నాడు. పాఠం దొరుకుతుంది, నిజమే. 1920లలో తిరువనంతపురం నుంచి గణపతిశాస్త్రి, 1960లో బొంబాయి నుంచి కాంగ్లే మరికొన్ని ప్రతులతో సరిచూసి మెరుగైన పాఠాలు ఇచ్చారు. మన పుల్లెల శ్రీరామచంద్రుడు గారి తెలుగు అనువాదమూ ఉంది. చదువుకోవడానికి ఇవి చాలు. కానీ ఈ ప్రతి అంచుల నిండా పెన్సిలు రాతలున్నాయి, తెలుగు లిపిలో. ఎవరో మహానుభావుడు దండనీతి దగ్గర ప్రశ్నార్థకాలు పెట్టాడు, కొలతల అధ్యాయంలో మానికలు, సోలల లెక్క కట్టి చూసుకున్నాడు. లోపలి పుటలో ఒక పఠన మందిరం ముద్ర చెరిగీ చెరగకుండా ఉంది. గ్రంథాలయోద్యమ కాలంలో ఊరివాళ్లు చందాలతో నడుపుకుని, తర్వాత ప్రభుత్వ శాఖలో కలిసిపోయిన మందిరం కాబోలు. అలాంటి ఊళ్లో ఒకాయన ఈ పుస్తకాన్ని తెప్పించుకుని లెక్కలు కడుతూ చదివాడన్న సంగతి ఏ కంప్యూటర్‌లోనూ దొరకదు.

అక్కడి ఉద్యోగిని నేను తప్పుపట్టను. ఒప్పందం మీద పనిచేసే ఒక్క మనిషి రెండు శాఖలు చూస్తున్నాడు. పదేళ్లుగా ఎవరూ తీసుకోనివి, చిరిగినవి జాబితా రాయమన్నారు, రాశాడు. సంస్కృతం చదవడం అతనికి రాదు, రావాలని ఎవరూ అడగలేదు.

డబ్బు లేదంటారా? మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంటుంది. స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు గడువుకు జరుగుతుంది, జమ మాత్రం ఏళ్ల తరబడి బకాయి. కౌటిల్యుడు అర్థశాస్త్రం రెండో అధికరణంలో, అంటే రెండో భాగంలో, ఉద్యోగులు ధనం హరించే ఉపాయాలు నలభై లెక్కపెట్టాడు. వాటిలో మొట్టమొదటిది, ముందు వచ్చిన సొమ్మును తర్వాత లెక్కకెక్కించడం! దానికి ముందు అధ్యాయంలోనే లెక్కల కార్యాలయం ఎలా కట్టాలో చెబుతూ, తూర్పుకో ఉత్తరానికో ముఖం ఉండాలి, నిబంధ పుస్తకాలకు, అంటే లెక్కల చిట్టాలకు, ప్రత్యేక స్థానం ఉండాలి అన్నాడు. గోనె సంచుల ఊసు లేదు.

నేను కోరేది పెద్ద పథకం కాదు. 1950కి ముందు అచ్చయిన ఏ పుస్తకాన్నీ ఆ భాష తెలిసిన ఒకరు చూసి సంతకం పెట్టనిదే రిజిస్టరు నుంచి కొట్టివేయకూడదని ఒక ఉత్తర్వు చాలు. నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. కాఫీ ఇస్తే చాలు, లేకపోయినా పరవాలేదు, వచ్చి చూసిపెడతాం. తూకానికి వేసే ముందు ఆ జాబితాను వారం రోజులు నోటీసు బోర్డుకు అంటించినా కొంత మేలు.

ఇక ఆ ప్రతి సంగతి. నా పోరు పడలేక ఆ ఉద్యోగి దాన్ని సంచిలోంచి తీసి పక్కన పెట్టాడు. అయితే రిజిస్టరులో అప్పటికే కొట్టేశారు కనుక మళ్లీ అరలో పెట్టడానికి వీల్లేదట. అమ్మకానికి జాబితా అయిపోయింది కనుక నాకు ఇవ్వడానికీ వీల్లేదట. పుస్తకం ఉంది, లెక్కలో లేదు. ఆ నలభై ఉపాయాల్లో దీనికి సరిపోయేది ఏదో నాకు తోచలేదు. ప్రస్తుతానికి అది అతని బల్ల సొరుగులో, వార్తాపత్రికలో చుట్టి ఉంది. సంబంధిత అధికారులు ఈ లేఖ చూస్తే దాన్ని తిరిగి నమోదు చేయించమని మనవి. సొరుగు తాళం అతని దగ్గరే ఉంది. అతని ఒప్పందం గడువు మార్చి నెలాఖరుతో తీరిపోతుంది.

— ఒక విశ్రాంత సంస్కృత అధ్యాపకుడు