లినక్స్ వేసుకోమన్నారు సరే, పార్టిషన్ల సంగతి?

సంపాదకుడు గారికి,

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి పాత కంప్యూటర్లు పారెయ్యకుండా విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చని మీ పత్రికలో రాశారు. మంచి మాటే, నేనైతే ఆ పని అంతకు ముందే చేశాను. కాకపోతే పార్టిషన్ల (డిస్క్‌ని విడగొట్టిన భాగాల) విషయం ఒక్క వాక్యంలో దాటేశారు చూడండి, నా కొంప మునిగింది సరిగ్గా అక్కడే.

నాది చిన్న డీటీపీ షాపు. ల్యాప్‌టాప్‌లో విండోస్‌తో పాటు వేసుకున్న ఉబుంటుకి (అదొక రకం లినక్స్) 25 జీబీ ఇస్తే ఏడాది తిరక్కుండా నిండిపోయింది. డీ డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉంది కదా అని విండోస్‌లోకి వెళ్లి దాన్ని 40 జీబీ తగ్గించాను. ఆ ఖాళీ వచ్చి డిస్క్ మీద లినక్స్ పార్టిషన్‌కి ముందు, అంటే ఎడమ పక్కన పడింది. అదే కుడి పక్కన పడి ఉంటే, ఫైల్ సిస్టమ్ (పార్టిషన్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4 కాబట్టి, సిస్టమ్ నడుస్తుండగానే నిమిషాల్లో పెంచుకోవచ్చు. ఎడమ వైపుకి పెంచాలంటే మాత్రం పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, జీపార్టెడ్ అనే పార్టిషన్లు మార్చే ప్రోగ్రామ్‌లో పార్టిషన్ మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా పక్కకి జరపాలి, పాత హార్డ్‌డిస్క్ అయితే గంటలు పడుతుంది. జీపార్టెడ్ హెచ్చరించింది కూడా, చదవకుండా ఓకే కొట్టాను (ఎవరు చదువుతారు లెండి). సగంలో కరెంటు పోయింది. బ్యాటరీ చచ్చి అప్పటికే రెండేళ్లు. నాలుగు పెళ్లిళ్ల శుభలేఖలు మళ్లీ మొదటి నుంచి టైపు చేశాను, అందులో ఒకటి మర్నాడే ప్రెస్సుకి వెళ్లాల్సింది.

తర్వాత తెలిసిందేమిటంటే, అసలు జరపాల్సిన పనే లేదు. ఆ 40 జీబీని విడిగా పార్టిషన్ చేసి ఫైళ్లు అందులోకి మార్చుకుంటే అయిపోయేది.

ఈసారి రాసినప్పుడు ఇవి కూడా వెయ్యండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగనివ్వని సెట్టింగ్) ఆపి, పూర్తిగా షట్‌డౌన్ చేశాకే లినక్స్ వైపు నుంచి డిస్క్ జోలికి వెళ్లాలి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. కమాండ్లతో చేసేవాళ్లు తగ్గించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్, తర్వాతే పార్టిషన్, పెంచేటప్పుడు దీనికి తలకిందులు. జీపార్టెడ్ అయితే ఆ వరస తనే చూసుకుంటుంది. ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే పెంచడమే తప్ప తగ్గించడం కుదరదు. బ్యాకప్ సంగతి వేరే చెప్పాలా, అది కూడా అదే డిస్క్‌లో పెట్టుకునే నాలాంటి వాళ్లకి చెప్పాల్సిందే.

ఆ రోజు పక్క షాపులో యూపీఎస్ ఖాళీగానే ఉంది, అడిగితే ఇచ్చేవాడు.

— ఒక డీటీపీ షాపు యజమాని, తెనాలి