మార్కప్ మారితే తెలుగు మాయం కావాలా?

సంపాదకులకు,

అయ్యా,

ఇంజినీరింగ్ విద్యార్థులు, కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పాలుపంచుకోవాలని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో కోడ్ గురించి చాలా ఉంది గానీ, దాన్ని ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ ఊసే లేదు. ఆ డాక్యుమెంటేషన్‌ను ఒక మార్కప్ (శీర్షిక, కోడ్ వంటివాటిని గుర్తులతో సూచించే రాత పద్ధతి) నుంచి మరో మార్కప్‌కు మార్చేటప్పుడు తెలుగు ప్రతికి జరిగే నష్టాన్ని అనుభవించినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

నల్లగొండలో మేము ముగ్గురం రెండు వేసవుల పాటు ఒక ప్రాజెక్టు సహాయ పుటలను తెలుగు చేశాము. మూలం రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే మార్కప్‌లో ఉండేది. అందులో శీర్షిక కింద గీసే గుర్తుల వరస శీర్షిక కంటే పొట్టిగా ఉండకూడదు. ‘స్థాపన’ కంటికి మూడక్షరాలే అయినా కంప్యూటర్ అక్షరాలను దాచే యూనికోడ్‌లో 6 సంకేతాలు; పొల్లు, గుణింతం గుర్తులు కూడా అక్కడ విడిగా లెక్కకొస్తాయి. మూడు గుర్తులతో సరిపెడితే అది శీర్షిక కాకుండా మామూలు పాఠంగా మిగిలిపోతుంది. అంతకు మించిన చిక్కు విభక్తులది. ఆదేశం, ఫైలు పేరు లాంటి కోడ్ పదాన్ని మూసే గుర్తు పక్కన ఖాళీ గానీ విరామచిహ్నం గానీ ఉండాలంటుంది ఆ పద్ధతి. మనమేమో ‘లో’, ‘కు’, ‘తో’లను పదానికి అతికించే రాస్తాము. అలాంటి ప్రతిచోటా ఒక బ్యాక్‌స్లాష్ (\), దాని పక్కన ఒక ఖాళీ ఇరికించాల్సి వచ్చేది. ఈ నిర్బంధం లేని మార్క్‌డౌన్ అనే మార్కప్‌కు మారుతున్నామని నిర్వాహకులు చెప్పినప్పుడు మాకంటే సంతోషించినవారు ఉండరు.

తీరా మారాక మా తెలుగు పుటల్లో చాలాచోట్ల ఇంగ్లిషు ప్రత్యక్షమైంది. మా అనువాదాలు గెట్‌టెక్స్ట్ అనే అనువాద పరికరం వాడే పీఓ ఫైళ్లలో (ఇంగ్లిషు వాక్యం, దాని తెలుగు జంటగా ఉండే ఫైళ్లు) ఉంటాయి. అక్కడ ఇంగ్లిషు వాక్యం పొల్లు పోకుండా సరిపోలితేనే దాని తెలుగు బయటికొస్తుంది. కోడ్ పదానికి ఇరువైపులా ఉండే రెండేసి బ్యాక్‌టిక్ గుర్తులు (`) ఒక్కొక్కటి కావడంతో, అర్థం మారకున్నా అది కొత్త వాక్యమైపోయింది. పాత తెలుగుకు ‘ఫజీ’ (సరిచూడాల్సింది అనే) ముద్ర పడింది. మనిషి సరిచూసి ఆ ముద్ర తీసేదాకా అది పుట మీదికి రాదు. మా దసరా సెలవులన్నీ ఆ ముద్రలు తీయడానికే సరిపోయాయి.

మారవద్దని నేననను. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ 2016లో, ఎక్స్‌ఎంఎల్ ట్యాగులతో రాసే డాక్‌బుక్ నుంచి రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ వైపు మళ్లడం మొదలుపెట్టింది, ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ 2021లో ఆస్కీడాక్ అనే మార్కప్‌కు వెళ్లింది. ఎక్స్‌ఎంఎల్ ట్యాగుల అడవిని చూసి కొత్తవారు జంకుతారన్న మాట నిజమే. నేను కోరేదల్లా, ఇంగ్లిషు పుటలను మార్చే స్క్రిప్టునే (చిన్న ప్రోగ్రామునే) పీఓ ఫైళ్లలోని ఇంగ్లిషు, తెలుగు వాక్యాలు రెండింటి మీదా అదే రోజు నడపాలని. పాన్‌డాక్ లాంటి పరికరం పుటలను మారుస్తుంది గానీ పీఓ ఫైళ్ల జోలికి పోదు కాబట్టి, ఆ స్క్రిప్టు ఎవరో ఒకరు రాయాలి. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలు దీన్ని మినీ ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. ఎవరూ పట్టించుకోని హాజరు పట్టిక ప్రోగ్రాము ఏటేటా రాయించడం కంటే ఇది మేలు.

స్క్రిప్టు నడిపాక తెలుగు తెలిసినవారు ప్రతి పుటా చదవాలి. విభక్తుల కోసం మేము పెట్టిన బ్యాక్‌స్లాష్‌లు మార్క్‌డౌన్‌లో మాయం కాకుండా పాఠకుడి కంటికే కనబడుతున్నాయి. ‘ఫోల్డర్’కూ ‘లో’కూ నడుమ నిలబడ్డ ఆ ఏటవాలు గీతలను మేమింకా ఏరుతూనే ఉన్నాము.

భవదీయుడు,
ఒక అనువాదకుడు,
నల్లగొండ