రికర్షన్ అంటే గానుగెద్దు తిరుగుడు కాదు

సంపాదకులకు,

గత ఆదివారం మీ విద్యా పేజీలో రికర్షన్ అంటే ‘ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడం’ అని రాసి, సెలూన్‌లోని ఎదురెదురు అద్దాల బొమ్మ వేశారు. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, చూసి ఊరుకోలేకపోయాను. మళ్లీ మళ్లీ చేయడమైతే గానుగెద్దూ చేస్తుంది. రికర్షన్‌లో లెక్కను అదే రకం చిన్న లెక్కకు అప్పగించాలి, ఆ అప్పగింత ఎక్కడో ఆగాలి, అక్కడి జవాబు వెనక్కి రావాలి. మీ అద్దాల్లో ఆగే చోటు ఏది?

ఉదాహరణకు కందపద్యం చాలు. కందంలో వాడే గణాలు గగ, భ, జ, స, నల. ఈ అయిదే ఎందుకంటే, నాలుగు మాత్రల గణాలు అంతకు మించి లేవు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. కనుక గణం చివర లఘువుంటే దాని ముందు మూడు మాత్రలుంటాయి, గురువుంటే రెండే. అంటే మూడు మాత్రలను ఎన్ని రకాలుగా కూర్చవచ్చో ఆ లెక్క, రెండు మాత్రల లెక్క కలిపితే నాలుగింటి లెక్క వస్తుంది. మూడింటిది కావాలా? రెండింటిదీ ఒకదానిదీ కలపండి. రెండు మాత్రలకు ఒక గురువో, రెండు లఘువులో. ఒక మాత్రకు లఘువు తప్ప దారి లేదు. ఇక అడిగేదేమీ లేదు, వెనక్కి రావడమే: రెండూ ఒకటీ మూడు, మూడూ రెండూ అయిదు. అయిదు మాత్రలకు ఎనిమిది వస్తాయి, వేసి చూసుకోండి. ఇది నా తెలివి కాదు. ప్రాకృత ఛందస్సు రాసిన విరహాంకుడు, 12వ శతాబ్దంలో హేమచంద్రుడు చెప్పినదే. ఇవే అంకెలు వచ్చే ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచ్చి కుందేళ్ల లెక్క ఆ తర్వాత 1202 నాటిది. మా బడిలో తెలుగు మాస్టారు కందం చెప్పి వెళ్లగానే, బోర్డు తుడవకుండా ఈ లెక్క ఎత్తుకునేవాణ్ణి. తన పద్యాన్ని కూడికల పాలు చేశానని ఆయన కోపం.

ఆగే చోటు గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, మీ వ్యాసం చదివి మా మనవరాలు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఫ్యాక్టోరియల్ (ఒక అంకెను దాని కింది అంకెలన్నిటితో ఒకటి దాకా గుణించే లెక్క) రాసింది. అయిదు కోసం నాలుగును, నాలుగు కోసం మూడును అడగమంది గానీ, సున్నా దగ్గర ఒకటి అని చెప్పి ఆగమనలేదు. అది సున్నా దాటి మైనస్‌లలోకి దిగిపోయి, తనను తాను పిలుచుకోవడానికి పైథాన్ పెట్టిన వెయ్యి పిలుపుల హద్దు తగిలి ఎర్రక్షరాలతో నిలిచింది. ‘పేపర్లో ఆపమని లేదుగా తాతయ్యా’ అంది. నిజమే, లేదు.

సవరణ వేసేటప్పుడు ఆ అద్దాల బొమ్మ తీసేసి, ఒక కందాన్ని గణవిభజనతో అచ్చువేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
తెనాలి