నెత్తురు నిలబడకూడదు

బరంపురం

ఒరే బావా,

పర్లాకిమిడి వదిలి, మెదడు నాళాలకి గొట్టాలతో చికిత్స చేసే న్యూరో క్యాథ్‌ల్యాబులో చేరుతున్నావన్న కబురు చదివి ఎంత సంతోషమేసిందో! నీ ప్రశ్న కూడా సరైనదే. మెదడులో అన్యూరిజం (రక్తనాళం మీద బుడగలా ఉబ్బిన చోటు) పగిలి నెత్తురు కారిన మనిషికి, నెత్తురు గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇవ్వడమేమిటి, మళ్లీ పగలదా అని కదా? పగలొచ్చు. కానీ కారినప్పుడే ఒళ్లంతా గడ్డకట్టే గుణం పెరిగిపోతుంది. దానిమీద మనం నాళంలోకి గొట్టంలో గొట్టం దూర్చి, ఆ ఉబ్బు లోపల ప్లాటినం తీగ చుట్టలు (కాయిల్స్) పెడతాం. నీరు నిలిస్తే నాచు, నెత్తురు నిలిస్తే గడ్డ. కాబట్టి మందుకంటే ముందు ఫ్లష్ లైన్లు, అంటే ఆ గొట్టాల్లోకి సెలైన్ ఆగకుండా పంపే దారులు చూసుకో.

లీటరు సెలైన్‌కి 2000 నుంచి 5000 యూనిట్ల హెపారిన్ కలుపుతారు. మీ ల్యాబు లెక్క ఏదో అడిగి దానికే కట్టుబడు. సెలైన్ సంచిని నొక్కే ప్రెషర్ బ్యాగు 300 మి.మీ. పాదరసం ఒత్తిడి దగ్గర ఉండాలి. నాళంలోకి దారిచ్చే షీత్‌కి, దానిలోంచి పోయే గైడ్ కేథటర్‌కి, అందులో దూరే సన్నటి మైక్రోకేథటర్‌కి వేరువేరు లైన్లు. సెలైన్ తగ్గేకొద్దీ బ్యాగు వదులవుతుంది, ధమని ఒత్తిడి గెలుస్తుంది, నెత్తురు గొట్టంలోకి ఎక్కి అక్కడే గడ్డకడుతుంది. తర్వాత ఎవరో ఫ్లష్ చేస్తే ఆ గడ్డ తిన్నగా మెదడుకే. అందుకే డ్రిప్ చాంబర్‌లో చుక్క పడుతోందా అని కేసు పొడుగునా చూస్తూనే ఉండాలి. గాలి బుడగలూ అంతే ప్రమాదం. గైడ్ కేథటర్ కొన తగిలి నాళం బిగుసుకుపోతే, కాస్త వెనక్కి లాగమని ఆపరేటర్‌కి చెప్పడానికి మొహమాటపడకు.

ఇక హెపారిన్. పగలని అన్యూరిజమైతే షీత్ పెట్టగానే ఇస్తారు. పగిలినదానికి చాలామంది మొదటి కాయిల్ కుదురుకున్నాక ఇస్తారు, నాకూ అదే సబబనిపిస్తుంది. కిలోకి 50 నుంచి 70 యూనిట్లు, అంటే 60 కిలోల మనిషికి 3000 నుంచి 4200. ముందు ఏసీటీ (నెత్తురు గడ్డకట్టడానికి పట్టే సమయం) చూసుకోవాలి, ఇచ్చిన ఐదు నిమిషాలకి మళ్లీ, ఆపైన గంటగంటకీ. 250 నుంచి 300 సెకన్ల మధ్య ఉంచాలి. సీసా లేబుల్ రెండుసార్లు చదువు బావా: 5 మి.లీ. సీసాలో 5000 యూనిట్లదీ ఉంటుంది, 25000దీ ఉంటుంది.

హెపారిన్‌కి విరుగుడైన ప్రోటమిన్ సిరంజిలో ఎక్కించి, పేరు రాసి, బల్లమీద సిద్ధంగా ఉంచు. 100 యూనిట్ల హెపారిన్‌కి 1 మి.గ్రా. లోపల పగిలితే వెతుక్కునే టైముండదు. ఇచ్చేటప్పుడు బీపీ పడిపోవచ్చు, మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి.

అన్యూరిజం నోరు, దాన్నే మెడ అంటాం, వెడల్పుగా ఉంటే కాయిల్ చుట్ట నాళంలోకి జారుతుంది, గడ్డ అక్కడే మొదలవుతుంది. బెలూన్ పట్టి కాయిల్ పెట్టేటప్పుడు ఎన్ని నిమిషాలు ఉబ్బించారో నువ్వు పైకి లెక్కపెట్టు. మధ్యమధ్య దించి నెత్తురు పారనివ్వాలి. స్టెంట్ వేస్తే గడ్డకట్టనివ్వని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు రెండూ కావాలి కాబట్టి, పగిలిన కేసుల్లో వీలైనంత వరకు స్టెంట్ జోలికి పోరు. వెంట్రికిల్‌లో (మెదడులోని నీటి గదిలో) నీరు తీసే డ్రెయిన్ అవసరమయ్యేలా ఉంటే ఈ మందులకు ముందే వేసెయ్యాలి.

చివరి కాయిల్ పడగానే సామాను సర్దకు. పది పదిహేను నిమిషాలాగి ఇంకో రన్, అంటే డై ఎక్కించి ఎక్స్‌రే బొమ్మలు తీయమను. మెడ దగ్గర తెల్లటి మచ్చలా డై నిండని చోటు కనిపిస్తే, అది ఎక్కువగా ప్లేట్‌లెట్ల గడ్డే. ముందు ఏసీటీ, బీపీ చూస్తారు. అన్యూరిజం మూసుకుపోయి ఉంటే ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చేసే టిరోఫిబాన్: కిలోకి నిమిషానికి 0.4 మైక్రోగ్రాములు అరగంట, తర్వాత 0.1. గడ్డ కరిగించే ఆల్టిప్లేజ్ లాంటివి ఇక్కడ వద్దు, నెత్తురు కారుతుంది. పెద్ద నాళమే మూసుకుంటే గడ్డని లాగేస్తారు.

పర్లాకిమిడిలో ఉన్న ఈ కొద్దిరోజుల్లో ఒక పని చెయ్యి. తలనొప్పి పిడుగులా వచ్చిందని పంపే పేషెంటుకి నెత్తురు ఆగేందుకు ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చి ఉంటే, ఏ గంటకిచ్చారో చీటీమీద పెద్దగా రాయించు. కాయిలింగ్ మొదలయ్యేలోగా దాని ప్రభావం తగ్గాలి. 2021లో వచ్చిన ఆల్ట్రా ట్రయల్ ప్రకారం, ముందుగా ఇచ్చినా పేషెంటు కోలుకోవడంలో మేలు కనబడలేదు. మన సరిహద్దు ఊళ్లలో కాగితాలు ఒరియాలో, మాటలు తెలుగులో ఉంటాయి. 'గుండె మాత్ర' అంటే ఆస్పిరినో కాదో తెలీదు. మాత్రల అట్ట చూపించమను.

మీ ల్యాబులో ఏసీటీ మిషన్ ఏ కంపెనీదో చూసి రాయి. మిషన్ మారితే అంకెలూ కాస్త మారతాయి.

నీ
బావ